సున్నపు గిరి

ఎండాకాలం కాలవ కట్టేస్తారు.
సుంకేసులలో తలుపులు దించినారంటే
మా తూము కాడ అడుగు బురద ఆరి
పెంకుల మాదిరి లేస్తుంది.
లష్కరుకు ఆ దినాల్లో పనేముంటుంది?
తాళంచెవి మొలకు కట్టుకోని
గట్టెమ్మడి పోతా వస్తా ఉండడమే.

అప్పుడు పట్టుకున్నారు పిల్లోళ్లు నన్ను.
ఎల్లప్ప, మద్దిలేటి,
పరుపులు కుట్టే కాశీంసాబు కూతురు ఉశేనమ్మ,
ముక్కు కారే ఇంకొకడు,
వాని పేరు నాకిప్పటికీ సరిగ్గా తెల్దు.
"మామా, గాలం ఎయ్యడం నేర్పియ్యవా?"
నీళ్లేవిరా, అన్నా.
"నీళ్లొచ్చినాక నేర్చుకుంటా కూచుంటే
చేపలు ఆగుతాయా?" అనింది ఉశేనమ్మ.
తొమ్మిదేండ్లు దానికి.

సరే.
ఆత్మకూరు నుంచి వచ్చిన వెదురు నాలుగు కర్రలు,
ఒక్కోదానికి బారన్నర తంగూసు,
కొసకు సూది లేదు, తూము మరలో ఊడిన నట్టు.
కాలవ అడుగులోకి దిగి
సున్నంతో గిరి గీసినా, జల్లెడంత.
"దీంట్లో పడల్ల."

మొదటి దినం
ఎల్లప్ప నట్టు గట్టు మీది మేకకు తగిలింది.
మద్దిలేటిది వాని వీపుకే.
పేరు తెలీనోనిది కంపచెట్టుకు చుట్టుకోని
ఇడిపించేతలికి పొద్దు గుంకింది.

నాకెవురు నేర్పినారు?
మా అవ్వ జొన్నచేన్లో మంచెక్కి వడిసెల తిప్పేది.
ఏ ఘడియకు యేలు సడలిస్తే
రాయి పిట్టల మందకు పోతుందో
ఆమె భుజాన్ని చూసి చూసి నా భుజానికి తెలిసింది.
జొన్న పోయె, పత్తి వచ్చె.
పత్తిని కాపలా కాసేదానికి పిట్టలు యాడివి?
ఆ వడిసెల తాడు
ఇప్పుడు మా ఇంట్లో బట్టలారేసే దండేనికి అతుకు.

పిల్లోళ్లకు ఇదంతా చెప్పలేదు.
"ఎడమ చేత నట్టు పట్టు. కుడి చేత కర్ర లేపు.
వంగిన కర్ర నీ చెయ్యి గుంజుతుంది సూడు,
గుంజినప్పుడు వదులు.
ముందు వదిలితే కాళ్ల కాడ పడుతుంది.
ఆలీసెమైతే మేక అరుస్తుంది."

ఉశేనమ్మ తంగూసును మీటి చెవి పెట్టి వినింది.
"మా నాయన దూదేకే విల్లు ఇట్లే అంటుంది" అని
వదిలింది.
నట్టు గిరి నడుమ పడి
చిన్నగా దుమ్ము లేసింది.

ఒక దినం నిజం సూది తెచ్చి చూపించినా.
నాలుగు అరచేతులు మారింది, ఎవురూ మాట్లాడలేదు.
తిరిగి తీసుకునేటప్పుడు
అది నా బొటనవేలికే గుచ్చుకునింది.
అంత నవ్వు ఆ కాలవ ఎప్పుడూ వినుండదు.
"జానెడు లోపల పడితే మళ్లా నీళ్లకియ్యల్ల" అని
నెత్తుటి వేలు నోట్లో పెట్టుకోనే చెప్పినా.

ఆగస్టులో ఒక రాత్రి పై తూము నుంచి ఫోను.
"వదిలినారన్నా."
టార్చి వేసి చూస్తే
ఎర్రనీళ్లు, ముందర చెత్త, ఒంటి చెప్పులు, నురగ.
గిరి కాడికి వచ్చి
ఒక్క గుటకంత సేపు తెల్లగా అయి
దాటిపోయినాయి.

నాలుగో దినం పిల్లోళ్లు బారుగా నిలబడినారు.
జొన్నదంటు బెండు, సంగటి ముద్ద ఎర.
తూము కింద సుడిలో ఎల్లప్పకు జెల్ల పడింది.
ముల్లు గుచ్చి ఏడ్చినాడు, ఏడుస్తానే ఎగిరినాడు.
జానెడుందా లేదా అని
మద్దిలేటి, ఆ పేరు తెలీనోడు కొట్లాడినారు.

ఉశేనమ్మ మాత్రం
నడిమి కాలవలో వేస్తా ఉంది.
ఉత్త పారేనీళ్లు. బెండు కొట్టకపోతుంది.
లేపుతుంది, మళ్లా అక్కడికే.
"ఆడేముందే, తూము కాడికి రా" అన్నా.
రాలేదు.
గట్టు మీద ఆ కంపచెట్టును,
దానికి ఎదురుగా నేను కూచునే రాయిని
కండ్లతో కలిపి చూసినాక గానీ
నాకు అర్థం కాలేదు.

మనిషి లోతు ఎర్రనీళ్లు పోతానే ఉండాయి.
"లోపల పడిందా మామా?"
"పడింది" అన్నా.